ఇయాన్ డ్యూరీ 'న్యూ బూట్స్ అండ్ పాంటీస్' ఎల్పీలో అసలు పాటే లేదు, మోసపోయానా?

గాడిలో_ముల్లు
మూడు నెలలు కూడబెట్టిన డబ్బుతో పాత రికార్డులు అమ్మే ఒకాయన దగ్గర ఇంగ్లండు గాయకుడు డ్యూరీది ఈ ఎల్పీ తెప్పించుకున్నాను. 1977లో స్టిఫ్ కంపెనీ వేసిన మొదటి ముద్రణ అన్నారు. నిన్న పార్సిల్ వచ్చింది. అట్ట మూలలు కాస్త నలిగాయి తప్ప చూడటానికి బాగానే ఉంది. కానీ నేను కొన్నది 'సెక్స్ అండ్ డ్రగ్స్ అండ్ రాక్ అండ్ రోల్' కోసం. ఇటు ఐదు, అటు ఐదు, మొత్తం పది పాటలున్నాయి. అందులో అది లేదు! పైగా రెండో వైపు మూడో పాటలో ముల్లు ముందుకు కదలదు, ఒకే ముక్క మళ్లీ మళ్లీ తిప్పుతుంది. తిరిగి పంపేయమంటారా?

పాత_ప్లేట్లు
పంపకండి! ఆ పాట లేకపోవడమే మీ దగ్గరున్నది తొలి రోజుల ముద్రణ అనడానికి ఒక గుర్తు. ఆ పాట విడిగా సింగిల్ రికార్డుగా 1977 ఆగస్టులో వచ్చింది, ఎల్పీ సెప్టెంబరు 30న వచ్చింది. సింగిల్ కొన్నవాడి చేత అదే పాటను ఎల్పీలో మళ్లీ కొనిపించడం డ్యూరీకి ఇష్టం లేదు. తర్వాతి ముద్రణలు కొన్నింటిలో చేర్చారు. లేబుల్ మీద సంఖ్య చూడండి, సీజ్ 4 అని ఉండాలి.

గాడిలో_ముల్లు
సీజ్ 4 అనే ఉంది. ఇంత పేరున్న పాటను పక్కన పెట్టి పదికి పది కొత్త పాటలిచ్చాడా!

బెల్లంముక్క
మన సినిమా క్యాసెట్లలో ఒకే పాటను విషాదంగా ఒకసారి, సంతోషంగా ఒకసారి పెట్టి అమ్మిన రోజులు గుర్తొచ్చాయి.

డబ్బా_రేడియో
నేను వేరే మాట అడుగుతాను. దీన్ని అందరూ పబ్ రాక్ అంటారు, నాకు ఒప్పుదల కాదు. పబ్ రాక్ అంటే డాక్టర్ ఫీల్‌గుడ్. ఆ బ్యాండు కుర్రాళ్లు కాన్వీ ద్వీపం నుంచి వచ్చి, ఇరుకు గదిలో చెమటలు కక్కుతూ, రెండు మూడు నిమిషాల పాటను నేరుగా గుండెకు కొట్టారు. వాళ్ల 'స్టుపిడిటీ' 1976లో ఇంగ్లండు అమ్మకాల పట్టికలో మొదటి స్థానానికి వెళ్లింది, అది కచేరీలో రికార్డు చేసిన ఆల్బమ్. డ్యూరీ ఎల్పీలో సగం ఫంక్, పావు వంతు పాతకాలపు రంగస్థల హాస్యం, మిగిలింది రాక్ అండ్ రోల్.

పాత_ప్లేట్లు
రేడియో గారూ, పబ్ రాక్ అనేది వాయించే తీరుకన్నా వాయించిన చోటుకు పేరు. 1971లో లండన్ కెంటిష్ టౌన్‌లోని ట్యాలీ హో అనే పబ్‌లో ఎగ్స్ ఓవర్ ఈజీ అనే అమెరికన్ బ్యాండ్ వాయించడంతో మొదలైంది. అప్పటికి రాక్ అంటే పెద్ద స్టేడియాలు, అరగంట గిటార్ సోలోలు. చేతిలో బీరు గ్లాసుతో నాలుగడుగుల దూరంలో నిలబడి వినే సంగీతం కరువైపోయింది. ఆ కరువు తీర్చినవాళ్లందరూ పబ్ రాక్ వాళ్లే, కంట్రీ వాయించినా సోల్ వాయించినా. డ్యూరీ కూడా కిల్బర్న్ అండ్ ద హై రోడ్స్ బ్యాండుతో ఆ పబ్బుల్లోనే ఏళ్ల తరబడి పాడాడు. 1975లో 'హ్యాండ్సమ్' అనే ఎల్పీ వేశారు, ఆడలేదు, బ్యాండ్ విడిపోయింది. ఈ ఎల్పీ వచ్చేనాటికి ఆయనకు 35 ఏళ్లు. పంక్ కుర్రాళ్లకు ఇరవై దాటితే గొప్ప.

డబ్బా_రేడియో
చోటుకు పేరంటే ఒప్పుకుంటాను. తీరుకు పేరంటే ఒప్పుకోను.

తాళం_తప్పని_వాడు
తీరు సంగతి వదిలేసి బాస్ గిటార్ వినండి. 'వేక్ అప్ అండ్ మేక్ లవ్ విత్ మీ'లో బాస్ ఒక్కటే పట్టుకుని వింటే మిగతా పాట దాని మీద తేలుతున్నట్టు ఉంటుంది. ఆ వాయించిన నార్మన్ వాట్-రాయ్ 1951లో బొంబాయిలో పుట్టాడు. ఆంగ్లో-ఇండియన్ కుటుంబం, ఆయన పసివాడిగా ఉండగానే ఇంగ్లండు వెళ్లిపోయారు. డ్రమ్స్ వాయించిన చార్లీ చార్ల్స్ గయానావాడు. అచ్చమైన లండన్ యాస అని మనం మురిసిపోయే ఈ ఎల్పీకి నడక ఇచ్చింది బొంబాయి, గయానాల్లో పుట్టిన ఇద్దరు. ఈ సంగతి తెలిసిన రోజు నాకు రాత్రంతా నిద్ర పట్టలేదు, అంత ఆనందం.

గాడిలో_ముల్లు
బొంబాయా! అట్ట మీద పేరు చూసి స్కాట్లండ్ మనిషి అనుకున్నాను.

తాళం_తప్పని_వాడు
ఇంకొకటి. అట్ట మీద పెద్దగా ఉన్నది ఇయాన్ డ్యూరీ పేరొక్కటే, గమనించారా? బ్లాక్‌హెడ్స్ అనే బ్యాండ్ అప్పటికి ఏర్పడలేదు. ఎల్పీ వచ్చాక 1977 అక్టోబరులో స్టిఫ్ వాళ్లు తమ గాయకులందరినీ ఒకే యాత్రకు తిప్పారు. ఎల్విస్ కాస్టెల్లో, నిక్ లో, రెక్లెస్ ఎరిక్, డ్యూరీ. దానికోసం కూర్చిన బ్యాండ్ బ్లాక్‌హెడ్స్. పేరేమో ఈ ఎల్పీలోని పాటదే, మీ ముల్లు ఆగిపోతున్న ఆ మూడో పాటది.

బెల్లంముక్క
బ్లాక్‌హెడ్స్ అంటే మొద్దు బుర్రలు. మొద్దు బుర్రల దగ్గర ముల్లు ఆగిందన్న మాట. సహజమే.

ఈస్ట్‌హామ్_రజని
లండన్ వచ్చి పదకొండేళ్లు, ఆసుపత్రిలో నర్సును. ఈ పాటల్లోని ఊళ్లు నా రాత్రి డ్యూటీ దారిలో ఉన్నాయి. రెండో వైపు నాలుగో పాట పేరును 'ప్లేస్టో ప్యాట్రీషియా' అని చదువుకుంటున్నారేమో, ఇక్కడివాళ్లు ఆ పేటను 'ప్లాస్టో' అంటారు. వచ్చిన కొత్తలో రైలు టికెట్ అడుగుతూ తప్పుగా పలికితే కౌంటర్లో ఆయన ఓపిగ్గా దిద్దాడు. 'బిల్లరికే డికీ' అయితే ఎసెక్స్ కుర్రాడి గొప్పలు. జానెట్ అనే అమ్మాయిని కలిసింది ఎక్కడయ్యా అంటే థానెట్ దగ్గర, నీనాతో సరసం ఎక్కడయ్యా అంటే కోర్టీనా కారులో. ఫోర్డ్ కోర్టీనా ఇక్కడికి దగ్గర్లోని డాగెన్‌హామ్‌లోనే తయారయ్యేది. ప్రాస కోసం ఊళ్లు వెతుక్కుంటూ పోతాడు, మనకు నవ్వు ఆగదు. నాతో పనిచేసే ఎసెక్స్ పెద్దావిడ ఈ పాట మొత్తం ఊపిరి తీసుకోకుండా అప్పజెబుతుంది.

హరివిల్లు_కాపు
నాకు బుర్రకథ గుర్తొస్తుంది. మధ్యలో తంబురా పట్టుకున్న కథకుడు, ఒక పక్క హాస్యం చెప్పేవాడు, ఇంకో పక్క రాజకీయం చెప్పేవాడు. డ్యూరీ ముగ్గురి పనీ ఒక్కడే చేస్తాడు. 'బిల్లరికే డికీ'లో హాస్యగాడు, 'బ్లాక్‌హెడ్స్'లో రాజకీయం, 'మై ఓల్డ్ మ్యాన్'లో కథకుడు.

డబ్బా_రేడియో
పోలిక బాగుంది గాని అతకలేదు. బుర్రకథలో హాస్యగాడు కథకుడిని ఆపి అడ్డుప్రశ్న వేస్తాడు, ఆ అడ్డులోనే నవ్వు ఉంటుంది. డ్యూరీని ఎవరూ ఆపరు. ఆయన తెచ్చుకున్నది ఇంగ్లండు మ్యూజిక్ హాల్ సంప్రదాయం, ఒంటరిగా నిలబడి ప్రేక్షకులను కన్నుగీటి నవ్వించడం. మ్యాక్స్ వాల్ అనే ముసలి హాస్యనటుడంటే ఆయనకు ప్రాణం. తన పాత పాట 'ఇంగ్లండ్స్ గ్లోరీ'ని ఆయన చేత పాడించి స్టిఫ్ వాళ్లే సింగిల్‌గా వేశారు.

హరివిల్లు_కాపు
అడ్డుప్రశ్న డేవీ పేన్ శాక్సొఫోన్ వేస్తుంది కదా! డ్యూరీ మాట పూర్తి కాకముందే అది వెటకారంగా కూస్తుంది.

డబ్బా_రేడియో
ఇది బాగుంది. ఈ ఒక్కటికి తల వంచుతాను.

సన్నజాజి77
అందరూ పొగుడుతున్నారు, ఒక ముల్లు నేనూ గుచ్చుతాను. రెండో వైపు రెండో పాట 'ఇఫ్ ఐ వాజ్ విత్ ఎ ఉమన్' నాకు మింగుడుపడదు. తన పక్కన ఆడమనిషి ఉంటే తన మనసులో మాట ఆమెకు తెలియనివ్వనని, తన చిన్నచూపునే ఆమె అపురూపంగా చూసుకోవాలని అంటాడు. వ్యంగ్యం అంటారు. అలాంటి మగవాడితో ఒక ఇంట్లో బతికిన మా అత్తకు వినిపించి చూడండి, వ్యంగ్యమంటే ఆవిడ నవ్వుతుందేమో.

పాత_ప్లేట్లు
ఆ గొంతు డ్యూరీది కాదమ్మా, పాత్రది. ఈ ఎల్పీలో ప్రతి పాటా ఒక మనిషి. డికీ, ట్రెవర్, ప్యాట్రీషియా, అందరినీ వాళ్ల నోటితోనే బయటపెడతాడు.

సన్నజాజి77
పాత్ర అని నాకూ తెలుసండీ. కానీ డికీ పాటలో మనం డికీని చూసి నవ్వుతాం. ఇక్కడ ఎవరిని చూసి నవ్వాలో పాట చెప్పదు. వింటున్న మగవాళ్లలో సగం మంది అతని పక్కనే నిలబడి నవ్వుతారు. పాట బాగుంది, బాస్ అద్భుతం, ఆ నవ్వు మాత్రం నాకు భయమేస్తుంది.

ఈస్ట్‌హామ్_రజని
జాజి చెప్పినదాంట్లో నిజముంది. నేనూ ఆ పాట దగ్గరికి వచ్చేసరికి లేచి టీ పెట్టుకుంటాను. పాట వెంటనే 'బ్లాక్‌హెడ్స్' వస్తుంది చూడండి, తాగి వీరంగం వేసే మగవాళ్లను ఉతికి ఆరేసే పాట. పక్కపక్కన పెట్టడం ఊరికే అనిపించదు. మొదటివాడి లోపల ఏముందో విన్నాక, వాడే వీధిలో ఎలా ఉంటాడో చూపించినట్టు.

సన్నజాజి77
రజనీ, ఇలా ఎప్పుడూ ఆలోచించలేదు. ఈ రాత్రి రెండూ వరుసగా విని చెబుతాను.

బస్సుపాసు
'మై ఓల్డ్ మ్యాన్' గురించి ఒక్క ముక్కతో సరిపెట్టారే! డ్యూరీ తండ్రి లండన్‌లో బస్సు డ్రైవరు, పాటలో 18వ నంబరు బస్సు యూస్టన్ వెళ్తుంది. 'విజిల్స్' వేసుకునేవాడు అన్న చోట నాకు మొదట అర్థం కాలేదు. అది లండన్ తూర్పు పేటల ప్రాస యాస. 'విజిల్ అండ్ ఫ్లూట్' అంటే 'సూట్' అని, ప్రాస కుదిరిన మాటను మింగేసి ముందు మాటనే వాడతారు. తండ్రి సూటు వేసుకునేవాడని చెప్పడానికి ఇంత తమాషా.

మా నాన్న ఆర్టీసీ డ్రైవరు, ముప్పై ఒక్క ఏళ్లు. ఖాకీ చొక్కా మెడ వెనక తెల్లటి ఉప్పు చార, సీటు మీద నాలుగు మడతల తుండు. ఆయన ఇంటికి వచ్చేసరికి నేను నిద్రపోయేవాణ్ని, లేచేసరికి వెళ్లిపోయేవాడు. మాట్లాడుకున్నది తక్కువ. ఒకసారి సెలవుల్లో ఆయన బస్సులోనే ప్రయాణం చేశాను, డ్రైవరు వెనక సీటు. అద్దంలో నన్ను చూసి కనుబొమ్మ ఎగరేశాడు, అంతే. డ్యూరీ తండ్రికి దూరంగా ఉన్న కొడుకుగానే పాడతాడు, పొగడడు, ఏడవడు. చివర్లో చనిపోయాడని చెప్పేటప్పుడు కూడా గొంతు మారదు. నాన్న పోయాక ఆరు నెలలు ఆ పాట పెట్టలేకపోయాను.

పాత_ప్లేట్లు
బస్సుపాసు గారూ, మీరు రాసింది రెండుసార్లు చదివాను.

కానుగనీడ
ఇంతమంది మాట్లాడాక నేనూ ఒకటి చెప్పాలి. నాకు రెండో ఏట పోలియో వచ్చింది, కుడి కాలు. డ్యూరీకి ఏడో ఏట, 1949లో. సౌత్ఎండ్‌లో ఈత కొలను నీళ్ల వల్ల వచ్చిందని ఆయన చెప్పుకున్నాడు. ఎడమ పక్క కాలు, చెయ్యి రెండూ దెబ్బతిన్నాయి.

ఈ ఎల్పీ పేరు మీద అందరూ నవ్వుతారు, 'కొత్త బూట్లు, లోదుస్తులు' అని. డ్యూరీ బట్టలన్నీ పాతబట్టల కొట్లలో కొనేవాడు, ఆ రెండు తప్ప. అది అందరికీ తెలిసిన సంగతే. నాకు తోచింది ఇంకొకటి, ఆయన అన్నాడని కాదు, నా కాలు చెబుతోంది. కాలికి ఇనప పట్టీ, అదే కాలిపర్, వేసుకునేవాడికి సెకండ్‌హ్యాండ్ బూటు ఉండదు. ఇనప కడ్డీ దిగడానికి మడమలో గొట్టం పెట్టాలి, పొట్టి కాలికి అడుగు మందం పెంచాలి, చర్మం ఒరుసుకోకుండా లోపల మెత్త వెయ్యాలి. కాగితం మీద పాదం గీసుకుని పెన్సిల్ చుట్టూ తిప్పుతుంటే చక్కిలిగింత పుట్టేది నాకు. అన్నయ్య చొక్కాలు నాకు వచ్చేవి, పుస్తకాలు వచ్చేవి, బూట్లు మాత్రం ఎప్పుడూ కొత్తవే. ఇంట్లో నాకంటూ కొత్తగా కొన్న వస్తువు అదొక్కటే. అట్ట మీద ఆ పేరు మొదటిసారి చదివినప్పుడు నేను నవ్వలేదు.

గాడిలో_ముల్లు
కానుగనీడ గారూ, ఈ చర్చ మొదలుపెట్టినందుకు సంతోషంగా ఉంది. అట్ట ఇప్పుడు బల్ల మీద నిలబెట్టి చూస్తున్నాను.

తాళం_తప్పని_వాడు
'స్వీట్ జీన్ విన్సెంట్' మీ మాటకు ఇంకో సాక్ష్యం. అమెరికన్ రాక్ అండ్ రోల్ గాయకుడు జీన్ విన్సెంట్ 1955లో మోటారు సైకిల్ ప్రమాదంలో ఎడమ కాలు విరగ్గొట్టుకుని, తర్వాత ఇనప పట్టీతో వేదిక మీద పాడాడు. డ్యూరీ కుర్రతనంలో ఆరాధించింది ఆయననే. పాట జోలలా మెల్లగా మొదలై ఒక్కసారిగా పరుగందుకుంటుంది. కాలు కుంటే మనిషి పాటకు అంత పరుగు ఎక్కడిదా అనిపిస్తుంది.

కానుగనీడ
పరుగు గొంతులో ఉంది. మేమందరం ఎక్కడో ఒక చోట పరుగెడతాం.

1981ని ఐక్యరాజ్యసమితి వికలాంగుల సంవత్సరంగా ప్రకటించినప్పుడు, జాలి చూపులకు జవాబుగా డ్యూరీ 'స్పాస్టికస్ ఆటిస్టికస్' రాశాడు. బీబీసీ దాన్ని ప్రసారం కాకుండా కట్టడి చేసింది. అదే పాటను 2012 లండన్ పారాలింపిక్స్ ప్రారంభోత్సవంలో ప్రపంచమంతా చూస్తుండగా వాయించారు. డ్యూరీ చూడలేదు, 2000 మార్చి 27న క్యాన్సర్‌తో పోయాడు. చివరి ఏళ్లలో యునిసెఫ్ తరఫున పోలియో చుక్కల ప్రచారానికి తిరిగాడు, శ్రీలంక దాకా వచ్చాడు. మన దేశంలో ఆఖరి పోలియో కేసు 2011 జనవరిలో హౌరాలో ఒక పాపది. మన దేశంతో సహా ఆగ్నేయాసియా ప్రాంతానికి పోలియో లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువీకరించిన తేదీ 2014 మార్చి 27. డ్యూరీ పోయిన రోజే, పద్నాలుగేళ్ల తర్వాత. ప్రతి ఏడూ ఆ రోజు ఈ ఎల్పీ పెట్టుకుంటాను.

ఈస్ట్‌హామ్_రజని
ఈ తేదీలు రెండూ కలుస్తాయని నర్సునై ఉండీ నాకు తెలియదు. రాసి పెట్టుకున్నాను.

బెల్లంముక్క
జోకులు వేసే నాకే మాట రాలేదు ఈ పుటలో.

హరివిల్లు_కాపు
అట్ట మీది పిల్లవాడు ఎవరో తెలుసుగా? డ్యూరీ కొడుకు బాక్స్టర్, అప్పటికి ఐదేళ్లు. లండన్ విక్టోరియా దగ్గర యాక్స్‌ఫర్డ్స్ అనే లోదుస్తుల దుకాణం ముందు ఫొటో తీస్తుంటే మధ్యలోకి వచ్చి నిలబడ్డాడు. క్రిస్ గాబ్రిన్ తీసిన ఫొటోల్లో పిల్లవాడున్నదే అట్ట అయింది. ఇప్పుడు బాక్స్టర్ కూడా గాయకుడే.

డబ్బా_రేడియో
పెద్ద కంపెనీలు వద్దన్న ఎల్పీ ఇది, ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. ఓల్డ్ కెంట్ రోడ్డులోని వర్క్‌హౌస్ అనే స్టూడియోలో తక్కువ ఖర్చుతో చేశారు. ఎవరూ తీసుకోకపోతే స్టిఫ్ వాళ్లు తీసుకున్నారు. ఆ స్టిఫ్ పెట్టుబడి ఎక్కడిదో తెలుసా? 1976లో డాక్టర్ ఫీల్‌గుడ్ గాయకుడు లీ బ్రిలో అప్పుగా ఇచ్చిన 400 పౌండ్లు! అంటే నా ఫీల్‌గుడ్ లేకపోతే మీ డ్యూరీ లేడు. ఎల్పీ ఇంగ్లండులో ఐదో స్థానం దాకా వెళ్లి, దాదాపు 90 వారాలు పట్టికలో తిరిగింది.

పాత_ప్లేట్లు
చివరికి మీ ఫీల్‌గుడ్‌ను గెలిపించుకున్నారు రేడియో గారూ! ఇప్పుడు ముల్లు సంగతి. గాడిలో_ముల్లు గారూ, ఎల్పీ నిమిషానికి 33 చుట్లకు కాస్త పైన తిరుగుతుంది, ఒక చుట్టుకు 1.8 సెకన్లు. ఆ ముక్క సుమారు రెండు సెకన్లకొకసారి తిరిగి వస్తుందంటే ముల్లు ఒకే గాడిలో ఇరుక్కుంది. గీత పడిందా, ఏదైనా అంటుకుందా అన్నది తేల్చుకోవాలి. రికార్డును కిటికీ వెలుగుకు ఏటవాలుగా పట్టుకుని చూడండి. గీత అయితే గాళ్లను అడ్డంగా కోస్తూ వెలుగుతుంది. మట్టి, జిగురు అయితే చుక్కలా మసకగా ఉంటుంది. డిస్టిల్డ్ వాటర్, మెత్తటి గుడ్డ, గాడి వెంబడే తుడవాలి, అడ్డంగా వద్దు. ముల్లు మీద రూపాయి బిళ్ల పెట్టమని ఎవరైనా చెబితే వినకండి, గాడి అరిగిపోతుంది.

తాళం_తప్పని_వాడు
కొద్దిగా ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కలిపితే జిగురు తొందరగా వదులుతుంది.

పాత_ప్లేట్లు
వినైల్ ఎల్పీకి పర్లేదు. ఇంట్లో 78 చుట్ల పాత ప్లేట్లుంటే మాత్రం ఆ గుడ్డ వాటి దరిదాపులకు కూడా తేవద్దు. అవి లక్కతో చేసినవి, ఆల్కహాల్‌కు లక్క కరిగిపోతుంది. మా తాతగారి ప్లేటు ఒకటి అలాగే పాడుచేశారు మా ఇంట్లో, ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది.

సన్నజాజి77
రాత్రి రెండూ వరుసగా విన్నాను. రజని చెప్పింది నిజం, పక్కపక్కన వింటే మొదటివాడు చిన్నవాడైపోతాడు. అయినా ఆ పాట నాకు నచ్చలేదు. వినడం మాత్రం ఆపను.

గాడిలో_ముల్లు
పొద్దున్న కిటికీ దగ్గర పట్టుకుని చూశాను. గీత కాదు! ఆవగింజలో సగం ఉంటుందేమో, పసుపు రంగు చుక్క. ఎప్పుడో ఎవరో అంటించిన ధర చీటీ తాలూకు జిగురు కాబోలు. గుడ్డ తడిపి రెండు నిమిషాలు ఆనించి, గాడి వెంబడి మెల్లగా తుడిచాను. మూడోసారికి గుడ్డ మీద పసుపు మరక కనిపించింది.

ముల్లు దించాను. 'బ్లాక్‌హెడ్స్' మొదటి నుంచి చివరి దాకా ఆగకుండా సాగిపోయింది. ఎల్పీ తిరిగి పంపడం లేదు. కానుగనీడ గారూ, మార్చి 27న నేనూ మీతో పాటు పెడతాను. ఇది రాస్తుండగా నాలుగో పాట మొదలవబోతోంది, రజని గారు చెప్పిన ప్లాస్టో ఆవిడది, బూతులతోనే ఎత్తుకుంటుందట. అమ్మ వంటింట్లోంచి కాఫీతో వస్తోంది, ముల్లు ఎత్తి వచ్చి మిగతాది రాస్తాను.